ఉద్యాన చదువు, ఉద్యాన కొలువు: పదో తరగతి నుంచి తొలి జీతం దాకా

బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ర్యాంకులు వచ్చిన వారం ఎప్పుడూ ఒకే వరస నడుస్తుంది. ముందు ఎంబీబీఎస్ లెక్క. అది అందకపోతే పశువైద్యం, అదీ జారితే అగ్రికల్చర్. అక్కడా పేరు రాకపోతే "సరేలే, హార్టికల్చర్ అయినా వస్తుందేమో చూడు" అంటారు. నేనూ ఆ 'అయినా' మీదుగానే లోపలికి వచ్చాను. సీటు వచ్చిందని చెబితే మా పెద్దమ్మ నోట వచ్చిన మొదటి మాట "నాలుగేళ్లు చదివి తోటమాలివవుతావా నాయనా?" అని.

పెద్దమ్మ మాటకు నొచ్చుకున్నాను గానీ, ఆమెకు దీటైన జవాబు చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఈ చదువులో దెబ్బతినేవాళ్లలో ఎక్కువమంది తెలివి తక్కువై దెబ్బతినరు. నాలుగేళ్లూ సర్కారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, ఒక్క పంటనైనా మొదలు నుంచి చివరి దాకా చూడకుండా బయటికొస్తారు. నా మాట ఒక్కటే: రెండో ఏడాది ముగిసేలోపు ఒక పంటను మీదిగా చేసుకోండి. కొలువులు ఆ పంట పండే చోటే ఉంటాయి. కింద రాసిన మెట్లన్నీ ఆ మాట చుట్టూ తిరిగేవే.

మొదటి మెట్టు: ఇదేం చదువో ముందు కళ్లతో చూడండి

ఉద్యానం అంటే పూలకుండీలు కాదు. పండ్లు, కూరగాయలు, పూలు, ఔషధ మొక్కలు, సుగంధ ద్రవ్యాలు, కొబ్బరి, కోకో, జీడిమామిడి, ఆయిల్‌పామ్ అన్నీ దీని కిందికే వస్తాయి. గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు కూడా ఉద్యాన పంటలే. ఇది చేరిన తర్వాత తెలుసుకుని ఆశ్చర్యపోయేవాళ్లను చాలామందిని చూశాను. వరి, పత్తి, మొక్కజొన్న మాత్రం అగ్రికల్చర్ వాళ్లవి.

దరఖాస్తు పెట్టేముందు ఒక రోజు కేటాయించి తోటల్లోకి వెళ్లండి. గోదావరి జిల్లాల వాళ్లకు రాజమహేంద్రవరం పక్కనే కడియం ఉంది. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వైపు రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. పొద్దున ఏడింటికి వెళితే అంట్లు కట్టే ఆడవాళ్ల చేతి వేగం చూడొచ్చు. అనంతపురం వైపు వాళ్లకు చీనీ తోటలు, నల్గొండ వాళ్లకు అదే చెట్టు బత్తాయి పేరుతో. జగిత్యాల, నూజివీడు వాళ్లకు మామిడి, రైల్వేకోడూరు వాళ్లకు అరటి, బొప్పాయి. కోనసీమ వాళ్లకు ఇల్లు దాటితే కొబ్బరే.

ఎండలో మూడు గంటలు నిలబడి రైతుతో మాట్లాడాక ఇంకా ఏదో అడగాలనిపిస్తే ఈ చదువు మీకు పనికొస్తుంది. గొడుగు ఎక్కడుందా అని వెతుక్కుంటే, ఉద్యానంలోనే ప్రయోగశాల వైపో, బ్యాంకు వైపో దారులున్నాయి గానీ అవి ఇరుకు. ముందే తెలుసుకోవడం మంచిది.

రెండో మెట్టు: ఏ గుమ్మం గుండా లోపలికి

పదో తరగతి తర్వాత రెండేళ్ల ఉద్యాన డిప్లొమా ఉంది. తెలంగాణలో పాలిసెట్ ర్యాంకు మీద సీట్లిస్తారు, ఆంధ్రలో పదో తరగతి మార్కులు చూస్తారు. చదువు ఎక్కువ భాగం పొలంలోనే. డిప్లొమా వాళ్లను తక్కువగా చూసే అలవాటు మన దగ్గర ఉంది, అది తప్పు. క్షేత్ర సిబ్బంది ఉద్యోగాల్లో రెండేళ్లు మట్టిలో పనిచేసిన డిప్లొమా కుర్రాడు, పుస్తకాలతోనే సరిపెట్టిన డిగ్రీ అబ్బాయి కన్నా ముందు పని అందుకుంటాడు. పైచదువు కావాలంటే డిప్లొమా వాళ్లకు హార్టిసెట్ అనే విడి ప్రవేశ పరీక్ష ఉంది, దాని ద్వారా డిగ్రీలోకి రావొచ్చు.

ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్, నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో మొదలైంది. రైల్వేకోడూరు దగ్గరి అనంతరాజుపేట, పార్వతీపురం, ప్రకాశం వైపు చినలాటరపి కళాశాలలు దాని కిందివే. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ పేరుతో ఉద్యాన విశ్వవిద్యాలయం 2014లో వచ్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్, వనపర్తి జిల్లా మోజెర్ల కళాశాలలు దానివి. సీట్లు ఈఏపీసెట్ ర్యాంకు మీదే. అయితే కౌన్సెలింగ్ ఇంజినీరింగ్ వాళ్లతో కలిపి జరగదు. ఆంధ్రలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక, ర్యాంకు ఉండి కూడా దరఖాస్తే పెట్టని పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. జూన్ నుంచి ఆ వెబ్‌సైట్లు వారానికి రెండుసార్లయినా తెరవండి.

ఊరి పిల్లలు, రైతు బిడ్డల కోసం విడి కోటా ఉంటుంది. దానికి పల్లెలో చదివినట్టు బడి ధ్రువపత్రాలు, ఇంటి వాళ్ల పేరున పొలం ఉన్నట్టు పట్టాదారు పాసుపుస్తకం అడుగుతారు. పొలం తాతగారి పేరు మీదే ఉండిపోయి, పేరు మార్పించుకోక కోటా పోగొట్టుకున్న ఇళ్లు తెలుసు. ఇంటర్ రెండో ఏడాది సంక్రాంతి సెలవుల్లోనే ఆ కాగితాలు బయటికి తీసి చూడండి.

ఇతర రాష్ట్రాల్లో చదవాలంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) అఖిల భారత కోటా ఉంది, దానికి జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. సొంత రాష్ట్రం దాటి చేరినవాళ్లకు జాతీయ ప్రతిభా ఉపకారవేతనం వస్తుంది. హిమాచల్‌లోని సోలన్ దగ్గర నౌణీలో 1985లో పెట్టిన ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయం, కర్ణాటకలోని బాగల్‌కోట్ విశ్వవిద్యాలయం పేరున్నవి. మన వాళ్లు భాష భయంతో పోరు గానీ, సోలన్‌లో ఆపిల్ చదివొచ్చిన పిల్లకు వచ్చే చూపు వేరు.

మూడో మెట్టు: కళాశాల గుర్తింపు

ఇది క్లుప్తంగా చెబుతాను. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఇప్పుడు చాలా చోట్ల వ్యవసాయ, ఉద్యాన డిగ్రీలు ఇస్తున్నాయి. భవనాలు చూసి, బస్సులు చూసి చేరకండి. అడగాల్సినవి మూడే: ఐసీఏఆర్ గుర్తింపు ఉందా, ఉంటే ఏ ఏడాది దాకా, కళాశాలకు సొంత సాగు భూమి ఎన్ని ఎకరాలు. సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్లలో, పీజీ ప్రవేశాల్లో ఈ గుర్తింపు దగ్గరే దరఖాస్తులు ఆగిపోతాయి. ఫీజు కట్టిన నాలుగేళ్ల తర్వాత తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. సాగు భూమి సంగతి ఎందుకంటే, పొలం లేని చోట ప్రాక్టికల్ అంటే రికార్డు నోట్‌బుక్కులో బొమ్మలు గీయడమే.

నాలుగో మెట్టు: నాలుగేళ్లు ఎలా గడపాలి

మొదటి ఏడాది నేలలు, వృక్షశాస్త్రం, గణాంకాలు, ప్రవర్ధనం (గింజ, అంటు, కొమ్మలతో కొత్త మొక్కలు చేయడం). రెండు, మూడు ఏడాదుల్లో పండ్ల శాస్త్రం, కూరగాయలు, పూలసాగు, కీటకాలు, తెగుళ్లు, కోత తర్వాతి సాంకేతికత. చివరి ఏడాది పల్లెలో గడిపే 'రావెప్', ఆ తర్వాత సొంతంగా చిన్న వ్యాపారంలా నడిపే అనుభవ శిక్షణ. పాఠ్యక్రమం బాగానే ఉంటుంది. అన్నీ కొంచెం కొంచెం చెబుతుంది, ఏ ఒక్కటీ చేతికి పూర్తిగా అంటనివ్వదు. ఆ లోటు మీరే పూడ్చుకోవాలి.

పంటను ఎంచుకునేటప్పుడు మీ ఊరికి ముప్పై నలభై కిలోమీటర్ల లోపల పండేదాన్నే తీసుకోండి. కారణం సులువు: సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడల్లా ఆ తోట చూడొచ్చు. పూత వేళ ఒకసారి, పిందె వేళ ఒకసారి, కోత వేళ ఒకసారి. మూడేళ్లలో తొమ్మిది పది సార్లు ఒకే తోటను చూసినవాడు అరుదు. ఆ తోట రైతుతో మీకు పేరు పెట్టి పిలుచుకునే చనువు వస్తుంది, అది ఏ ఇంటర్వ్యూలోనైనా వినిపిస్తుంది.

నేను చీనీ పట్టుకున్నాను. మూడో ఏడాది సెలవుల్లో అనంతపురం పక్క ఒక తోటకు వెళ్లాను. రైతు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం సార్, చదువుకోనొచ్చినావు గదా, ఈ చెట్టు ఎందుకు ఎండతాండాదో చెప్పు చూద్దాం" అన్నాడు. నేను ఆకులు చూశాను, జింకు లోపం అన్నాను. ఆయన నవ్వి, పార తెచ్చి, మొదలు దగ్గర మట్టి తీసి వేరు చూపించాడు. బెరడు కుళ్లి ఊడొస్తోంది. వేరుకుళ్లు. "ఆకును అడిగితే ఆకు ఏం చెప్తాది సామీ, యేరును అడగల్ల" అన్నాడు. ఆ రోజు నుంచి ఏ తోటకు వెళ్లినా ముందు పార అడుగుతాను.

చీనీలో నేర్చుకోవాల్సింది ఎంతో చూడండి. ఏ వేరు మొక్క (కింద వేళ్లనిచ్చే మొక్క) మీద అంటు కట్టారో తెలుసుకోవాలి, మన దగ్గర రంగపూర్ నిమ్మ మీద కట్టినవాటికి గిరాకీ ఎందుకో అర్థం చేసుకోవాలి. పూత కోసం నీళ్లు ఎన్నాళ్లు ఆపాలి? నేలను బట్టి అది నెల నుంచి రెండు నెలల దాకా మారుతుంది. తేలిక నేలలో ఎక్కువ రోజులు ఆపితే చెట్టు ప్రాణమే పోతుంది. డ్రిప్పర్లు మొదలుకు ఎంత దూరంలో పెట్టాలి, చెట్టు పెరిగే కొద్దీ ఎలా జరపాలి. కాయ మార్కెట్లో టన్నుల్లెక్కన అమ్మేటప్పుడు తరుగు పేరున ఎంత కోస్తారు. ఈ చివరిది ఏ పుస్తకంలోనూ ఉండదు, మండీలో ఒక పొద్దు కూర్చుంటే తెలుస్తుంది.

పంట ఏదైనా, చేతిపని మూడు రకాలు తప్పకుండా రావాలి: అంటు కట్టడం, కొమ్మ కత్తిరించడం, మందు కలపడం.

మామిడి అంటు నేర్చుకోవడానికి జూలై, ఆగస్టు నెలలు మంచివి, గాలిలో తడి ఉంటుంది. టెంక మొలిచి పది పదిహేను రోజులైన, ఇంకా ఎర్రగా ఉన్న లేత మొలకలు తీసుకోండి. అంటు కొమ్మను నాలుగైదు నెలల వయసున్నది ఎంచుకుని, కోయడానికి వారం పది రోజుల ముందే దాని ఆకులు కత్తిరించి, కాడలు మాత్రం ఉంచాలి. అప్పుడు కొన మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. మొలకను టెంకకు పైన మూడు అంగుళాల దగ్గర తలకొట్టి, మధ్యలో నిలువుగా అంగుళంన్నర చీలిక పెట్టండి. అంటు కొమ్మ అడుగును రెండు వైపులా చెక్కి మేకులా చేసి ఆ చీలికలో దింపండి. రెండింటి బెరడు కనీసం ఒక పక్కనైనా కలవాలి. పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి గట్టిగా చుట్టి, పైన సన్నని కవరు తొడిగి నీడలో పెట్టండి. మొదటి వంద కట్టినప్పుడు నాకు పద్నాలుగు బతికాయి. కడియంలో రోజుకు వందల అంట్లు కట్టే ఆమె నా చెక్కుడు చూసి, "బాబూ, కత్తి రెండోసారి వేశావంటే అంటు పోయినట్టే" అంది. ఒకే కోతలో చదునుగా రావాలి, అదీ కిటుకు. ఆ మాట తర్వాత కట్టిన వందలో సగానికి పైగా చిగిర్చాయి.

మందుల విషయంలో లెక్క నోటికి రావాలి. లీటరుకు రెండు మిల్లీలీటర్లు, ఎకరాకు రెండు వందల లీటర్ల నీళ్లు అంటే నాలుగు వందల మిల్లీలీటర్ల మందు. ఇది చిన్న లెక్కే, కానీ పొలం గట్టు మీద రైతు అడిగినప్పుడు సెల్‌ఫోన్ తీసి గుణించుకునే పట్టభద్రుడి మీద నమ్మకం అక్కడే పోతుంది.

ఇంకోటి కూడా నేర్చుకోండి: కొత్తగా వచ్చిన తెగులును ఫొటో, తేదీ, చోటుతో సహా రాసుకోవడం. 2021 చివర్లో మిర్చి తోటల్లో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పాత మందులు పనిచేయక రైతులు తోటలు దున్నేశారు. అప్పుడు పూలు దులిపి పురుగును గుర్తుపట్టి, ఎక్కడెక్కడ ఎంత ఉందో రాసి పంపిన విద్యార్థుల నోట్‌బుక్కులకు శాస్త్రవేత్తలు విలువిచ్చారు.

ఐదో మెట్టు: రావెప్‌ను సెలవుగా తీసుకోకండి

చివరి ఏడాది కొన్ని వారాలు పల్లెలో ఉండాలి. చాలామంది పొద్దున పోయి ఫొటో దిగి మధ్యాహ్నానికి తిరిగొస్తారు. ఆ ఊళ్లో ఐదుగురు రైతుల ఖర్చు, రాబడి లెక్కలు పైసాతో సహా రాసుకోండి. కూలి ఎంత, ఎరువు ఎంత, కౌలు ఎంత, అమ్మకం ఎంత. ఆ అయిదు పేజీల నోట్సు తర్వాత బ్యాంకు ఇంటర్వ్యూలోనూ, కంపెనీ ఇంటర్వ్యూలోనూ మీరు చెప్పే జవాబులకు ప్రాణం పోస్తాయి. మీరుండే చోటికి దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రమో, పరిశోధన స్థానమో ఉంటే అక్కడికీ వెళ్లండి. కొవ్వూరులో అరటి, అంబాజీపేటలో కొబ్బరి, నూజివీడులో మామిడి, గుంటూరు లాంలో మిర్చి, సంగారెడ్డిలో పండ్ల పరిశోధన. పెదవేగిలో దేశం మొత్తానికీ కేంద్రమైన ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. అడిగితే కాదనే శాస్త్రవేత్తలు తక్కువ, అడిగే విద్యార్థులే తక్కువ.

ఆరో మెట్టు: కొలువులు ఎక్కడున్నాయి

సర్కారు నుంచే మొదలుపెడతాను, అందరూ అక్కడి నుంచే చూస్తారు కాబట్టి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు గ్రామ ఉద్యాన సహాయకుల పోస్టులు ఒక్క దెబ్బకు 4,000 వచ్చాయి. తెలంగాణలో 2022లో ఉద్యాన అధికారి పోస్టులు అంటూ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉన్నవి 22. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. సర్కారు కొలువు ఉంది, కానీ అది మీరు పట్టా అందుకున్న ఏడాదే వస్తుందన్న హామీ లేదు. రాసేవాళ్లు రాయండి, రాస్తూనే మరో పనిలో ఉండండి. గదిలో తలుపేసుకుని మూడేళ్లు చదివి, ముప్పై దాటాక తోట ముఖం మరిచిపోయినవాళ్లను చూస్తే బాధేస్తుంది.

బ్యాంకుల దారి ఇంతకన్నా నిలకడైనది. బ్యాంకు కొలువుల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఏటా ఇచ్చే స్పెషలిస్టు ఆఫీసర్ల పరీక్షలో వ్యవసాయ క్షేత్ర అధికారి పోస్టుకు నాలుగేళ్ల ఉద్యాన డిగ్రీ సరిపోతుంది. వయసు ఇరవై నుంచి ముప్పై, రిజర్వేషన్ల వాళ్లకు సడలింపు. ఇంగ్లిషు, రీజనింగ్, గణితం దగ్గరే మన పల్లె పిల్లలు తడబడతారు, వ్యవసాయ ప్రశ్నల దగ్గర కాదు. కాబట్టి మూడో ఏడాది నుంచే రోజూ ఒక గంట ఆ మూడింటికీ ఇవ్వండి. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు పెట్టే గ్రేడ్-ఎ అధికారుల పరీక్ష కూడా ఇదే తీరు, అంతకన్నా కఠినం.

ఉన్న మాట ఒకటి చెప్పాలి. వ్యవసాయ అధికారి పోస్టులకు ఉద్యాన పట్టా చెల్లదు. అగ్రికల్చర్ చదివినవాళ్లకు సర్కారు తలుపులు ఎక్కువ. ఆ లెక్కతోనే అగ్రికల్చర్ సీటు వస్తే అటు పొమ్మని నేనూ చెబుతాను. అయితే ప్రైవేటులో ఆ తేడా చెరిగిపోతుంది.

ప్రైవేటులో ఇప్పుడు మనిషి అవసరం ఎక్కువగా ఉన్నది ఆయిల్‌పామ్‌లో. కేంద్రం 2021లో ఆయిల్‌పామ్ కోసం విడి జాతీయ పథకం తెచ్చింది, తెలంగాణ ఆ పంటను జిల్లా జిల్లాకు పాకిస్తోంది. 1993 నాటి చట్టం ప్రకారం ఒక్కో ఫ్యాక్టరీకి కొన్ని మండలాలు కేటాయిస్తారు, ఆ మండలాల గెలలు ఆ ఫ్యాక్టరీకే పోవాలి. అందుకే ప్రతి కంపెనీకీ మండలానికొక క్షేత్ర మనిషి కావాలి. మొక్కలు ఇప్పించడం, డ్రిప్ రాయితీ కాగితాలు నడిపించడం, మూడు నాలుగేళ్ల పాటు కాపు రాక విసిగిపోయే రైతుకు అంతర పంట చూపించి నిలబెట్టడం, గెల పండిందో లేదో రాలిన పండ్లు చూసి చెప్పడం పని. బైకు మీద తిరుగుడు ఎక్కువ. తొలి జీతం చూసి నీరసపడకండి, కానీ పెట్రోలు డబ్బులు విడిగా ఇస్తారా, జీతంలోనే కలిపేస్తారా అన్నది చేరేముందే కాగితం మీద రాయించుకోండి. నా మొదటి కొలువులో ఆ మాట అడగక నెలకు మూడో వంతు జీతం ట్యాంకులో పోశాను.

హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల పరిశోధన క్షేత్రాలు మరో లోకం. టమాట, మిర్చి, బెండ, సొర హైబ్రిడ్లు అక్కడ తయారవుతాయి. మొగ్గ విచ్చుకోకముందే కేసరాలు తీసి, వేరే మొక్క పుప్పొడి అద్దే 'క్రాసింగ్' పని పర్యవేక్షించడం దగ్గర మొదలై, ఓపిక ఉంటే కొత్త రకాలు తయారుచేసే ప్రజనన విభాగం దాకా పోవచ్చు. ఎంఎస్సీ ఉంటే ఈ దారి వెడల్పవుతుంది. ఎంఎస్సీకి బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, ఢిల్లీ పూసా, కోయంబత్తూరు వంటి చోట్లకు ఐసీఏఆర్ పీజీ పరీక్ష రాయాలి. అధ్యాపక, శాస్త్రవేత్త ఉద్యోగాలు కావాలనుకునేవాళ్లు పీహెచ్‌డీ దాకా పోవాల్సిందే, ఆరేడేళ్లు తక్కువ కాదు.

చిత్తూరు జిల్లాలో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు, అనంతపురం నుంచి ఎగుమతికి పోయే అరటి, పండ్లు మగ్గబెట్టే ఇథిలిన్ గదులు, శీతల గిడ్డంగులు కూడా మనుషుల్ని తీసుకుంటాయి. తాడిపత్రి నుంచి 2020 జనవరిలో అరటితో నిండిన రైలు ముంబై రేవుకు వెళ్లిందంటే, ఆ గెలలను కొలిచి, కడిగి, డబ్బాల్లో సర్దించినవాళ్లు వెనక ఉన్నట్టే. ఇక్కడ గ్రేడింగ్, గ్లోబల్‌గ్యాప్ (మంచి సాగు పద్ధతులకు అంతర్జాతీయ ధ్రువీకరణ) రికార్డులు, మందుల అవశేషాల పరిమితులు తెలిసిన మనిషికి విలువ.

నగరాల్లో ల్యాండ్‌స్కేపింగ్ ఉంది. హైదరాబాద్‌లో గేటెడ్ కాలనీలు, ఐటీ ప్రాంగణాలు, రోడ్ల మధ్య పచ్చదనం పనులు గుత్తేదారుల చేతిలో ఉంటాయి. పూలసాగు మీద మనసున్నవాళ్లకు, గీత గీయడం వచ్చినవాళ్లకు ఇది నప్పుతుంది. విదేశాల మీద చూపున్నవాళ్లకు నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ వంటి విశ్వవిద్యాలయాలు గ్రీన్‌హౌస్ సాగుకు పెట్టింది పేరు, కానీ అప్పు చేసి పోయేముందు ఇక్కడ ఏడాది పాలీహౌస్‌లో పనిచేసి చూడండి.

ఏడో మెట్టు: ఇంటర్వ్యూలో ఏమడుగుతారు

క్షేత్ర ఉద్యోగాలకు పిలిచేవాళ్లు నిర్వచనాలు అడగరు. "ఎనిమిది మీటర్ల ఎడంతో ఎకరాకు ఎన్ని మామిడి మొక్కలు?" అంటారు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు, 64తో భాగిస్తే 63. ఆరు మీటర్ల ఎడంలో చీనీ 112. అరటి 1.8 మీటర్ల చొప్పున అయితే 1,250 దాకా. ఆయిల్‌పామ్ తొమ్మిది మీటర్ల త్రికోణ పద్ధతిలో 57. ఈ అంకెలు మీ పంటకు సంబంధించినవైనా నాలుక చివర ఉండాలి. త్రికోణ పద్ధతిలో ఎందుకు ఎక్కువ పడతాయో కూడా చెప్పగలగాలి, తర్వాతి ప్రశ్న అదే.

ఆ తర్వాత మనిషిని చూస్తారు. "రైతు మీ మీద కోపంగా అరిస్తే ఏం చేస్తావు?" అన్నది చాలా చోట్ల విన్నాను. "సర్దిచెబుతాను సార్" అన్నది అందరూ చెప్పే జవాబు. రావెప్‌లో నిజంగా ఎదురైన ఒక సంగతి చెప్పండి, పేరు చెప్పక్కర్లేదు, ఊరు, పంట, నష్టం ఎంతో చెబితే చాలు. బయోడేటా ఒక పేజీ దాటనివ్వకండి. సెమినార్ ధ్రువపత్రాల జాబితా తీసేసి, "చీనీ తోట ఒకటి మూడేళ్లలో తొమ్మిది సార్లు పరిశీలించాను, లెక్కలు రాశాను" అన్న ఒక్క వాక్యం పెట్టండి. నన్ను కొలువులోకి తీసుకున్నాయన ఆ వాక్యం దగ్గరే ఆగి, నోట్‌బుక్కు తెచ్చావా అన్నాడు. తెచ్చాను.

ఎనిమిదో మెట్టు: సొంతంగా పెట్టుకునేవాళ్లకు

వ్యవసాయ, ఉద్యాన పట్టభద్రుల కోసం రైతులకు సలహాలు, సేవలు అందించే సొంత కేంద్రాలు పెట్టుకునేలా కేంద్రం 2002 నుంచి అగ్రి క్లినిక్ పథకం నడుపుతోంది, దాన్ని చూసేది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ. 45 రోజుల ఉచిత శిక్షణ, ఆ తర్వాత బ్యాంకు అప్పు, ఒక్కరికి 20 లక్షల దాకా. రాయితీ మామూలుగా 36 శాతం, మహిళలకు, ఎస్సీ ఎస్టీ వాళ్లకు 44 శాతం. శిక్షణ దొరకడం తేలికే, బ్యాంకు మేనేజరు తాకట్టు అడగకుండా సంతకం పెట్టడమే కష్టం. అందుకే అప్పు కాగితాలు పెట్టకముందే చిన్నగా మొదలుపెట్టి, ఆరు నెలల అమ్మకాల బిల్లులు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

చిన్నగా మొదలుపెట్టడానికి నారు నర్సరీ మంచిది. షేడ్‌నెట్ కింద ప్రోట్రేలు (గుంటలున్న నారు ట్రేలు), కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు), వాటిలో మిర్చి, టమాట, వంగ నారు. మీ చుట్టుపక్కల ఎవరు ఏ నెలలో నాటుతారో ముందే కనుక్కుని, సగం సొమ్ము బయానా తీసుకుని గింజ వేయండి. బయానా లేకుండా వేసిన నారు వర్షం ఆలస్యమైతే ట్రేల్లోనే ముదిరిపోతుంది. పండ్ల మొక్కల నర్సరీ అయితే 2010 నర్సరీల చట్టం కింద ఉద్యాన శాఖలో రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. తల్లి చెట్లు ఎక్కడివో, ఏ రకమో రాసి ఉంచాలి. తోట పెట్టిన అయిదో ఏట బంగినపల్లి కాస్తుందనుకున్న చెట్టు వేరేది కాస్తే రైతు మీ గుమ్మానికే వస్తాడు.

కొలువు వెతుక్కునేవాళ్లకు చివరగా తేదీల సంగతి ఒకటి. మామిడి గుజ్జు, ఎగుమతి కంపెనీలు కాయల కాలానికి సిబ్బందిని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎంచుకుంటాయి. ఆయిల్‌పామ్ వాళ్లకు కొత్త మొక్కలు నాటే వానాకాలానికి ముందు, అంటే ఏప్రిల్, మే. కూరగాయల విత్తన కంపెనీలు ఖరీఫ్ ప్రయోగాల కోసం మేలో పిలుస్తాయి. మీ పట్టా జూలైలో చేతికొస్తుంది. అందువల్ల చివరి సెమిస్టరు జనవరిలోనే, ఇంకా మార్కులు రాకముందే, బయోడేటా పట్టుకుని మీ పంట కంపెనీల ఆఫీసుల మెట్లెక్కడం మొదలుపెట్టండి. నోట్‌బుక్కు మరిచిపోకండి.